అందరూ మెచ్చిన కాంటా

బీఎంఐ అంటే తెలియనివాళ్లకు ముందే చెప్పేస్తాను. మనిషి బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఆ ఎత్తుతో బరువును రెండుసార్లు భాగించాలి. పద్దెనిమిదిన్నర కంటే తక్కువ వస్తే బక్క. ఇరవై అయిదు దాటితే లావు. ముప్పై దాటితే డాక్టరు మొహం మారుతుంది. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కానీ 2013లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో తిండికి లోటులేని ఓ వంద మంది ఈ ఒక్క అంకె పట్టుకుని ఫేస్‌బుక్‌లో ఎంత ఊరేగారో చూస్తే, కొత్తగా ఏదో మతం పుట్టిందనుకుంటారు.

ఆ గ్రూపు పేరు 'మూడూళ్ల ఫిట్‌నెస్'. ఆదివారం పొద్దున సభ్యులు తమ బరువు రాయాలి. అడ్మిన్ లెక్కకట్టి అందరి బీఎంఐలూ ఒకదాని కింద ఒకటి పేర్చి పెడతాడు. తగ్గినవాళ్లకు చప్పట్ల బొమ్మలు. పెరిగినవాళ్లకు 'ఎవరింట్ల దావత్ అన్నా?' అని ఎకసెక్కం. కోదాడ పళ్ల డాక్టరు, సూర్యాపేట బీమా ఏజెంటు, బట్టల దుకాణాలవాళ్లు, కాలేజీ లెక్చరర్లు. తిన్నది అరిగించుకోవడమే పనిగా ఉన్న జనం. అడ్మిన్ పేరు చైతన్య. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే భిక్షపతి సేటు ఒక్కగానొక్క కొడుకు. ఎనభై ఎనిమిది కిలోలు. అతని బీఎంఐ ముప్పై దాటింది. దాన్ని ముప్పై కిందికి దించడమే అతని జీవితాశయం. మిగతా ఆశయాలన్నీ వాళ్ల నాయన ఎప్పుడో తీర్చేశాడు.

ఈ మందలో కల్పన ఒక్కతే వేరు. నడిగూడెం గొల్ల పరశురాములు బిడ్డ. డిగ్రీ అయ్యాక సూర్యాపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి కుదిరింది. రూములో ముగ్గురితో ఉంటుంది. రక్తం తక్కువగా ఉందని దవాఖానలో బిళ్లలు రాసిచ్చి, బరువు పెరగమన్నారు. నలభై మూడు కిలోలు, బీఎంఐ పదిహేడు. సెంటర్‌కు వచ్చే ఒకామె ఆమెను గ్రూపులో చేర్చింది. చేరిన రోజే బీమా ఏజెంటు రాశాడు: 'చెల్లే, నీ సీక్రెట్ ఏంది, మాక్కూడా జర చెప్పు.' సీక్రెట్ ఏముంది? మధ్యాహ్నం ఒక టీ, రెండు బిస్కెట్లు. కల్పన ఆ మాట రాయలేదు. నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంది.

ఇప్పుడు పరశురాములు సంగతి. గొర్రెలు కొన్ని ఉన్నాయి, సాగర్ కాలువ కింద రెండెకరాలు ఉన్నాయి. సన్నవడ్లు వేస్తాడు. సన్నవడ్లకు మిర్యాలగూడ మిల్లులే దిక్కు. ఏటా భిక్షపతి సేటు మిల్లుకే తోలుతాడు. మిల్లులో తరుగు అని ఒకటి ఉంటుంది. తాలు అని, తేమ అని, మట్టి అని చెప్పి బస్తాకింత కోసేస్తారు. అది మొహం మీదే కోస్తారు, రైతు చూస్తూనే ఒప్పుకుంటాడు. అయితే పోయిన ఏడు పరశురాములుకు అనుమానం వచ్చింది. దారిలో లారీలు తూచే వే బ్రిడ్జి మీద ట్రాక్టరు ఎక్కించి చూసుకుని, తర్వాత మిల్లు కాంటా మీద తూయించాడు. తరుగు తీయకముందే నూటికి అయిదు తక్కువ వచ్చింది. మిల్లు గేటు ముందు నిలబడి గట్టిగా అరిచాడు. "సేటూ, తరుగు నువ్ నోటితోని తీస్తున్నవ్ అనుకున్న. కాంటా లోపట కూడ కూసున్నదా నీ తరుగు?"

భిక్షపతి గొంతు పెంచలేదు. పెద్దవాళ్లు పెంచరు. "ఇవి గొర్లు అనుకున్నవా, ఒక్కొక్కటి ముట్టుకుంట లెక్కపెట్టెతందుకు? ఇది మెషిన్. పో" అన్నాడు. తర్వాత మిగతా మిల్లులకు ఫోన్లు చేశాడు. ఈ ఏడు పరశురాములు వడ్లు ఏ గేటూ దాటలేదు. కార్తీకంలో కోసిన పంట కళ్లంలో కుప్పగా ఉంది. పైన ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి. టీవీలో తుఫాను అంటున్నారు. సేటు పెట్టిన షరతు ఒక్కటే: పరశురాములు మిల్లుకొచ్చి, పదిమంది ముందు 'తప్పయింది, కాంటా మంచిదే' అనాలి. పరశురాములు అననన్నాడు. అతని భార్య సోమమ్మ మాత్రం పొద్దున లేస్తే ముందు మబ్బుల వైపే చూసేది.

సరిగ్గా అప్పుడే చైతన్య గ్రూపులో పెట్టాడు. 'ఇళ్లలో మిషన్లు ఒక్కోటి ఒక్కో లెక్క చూపిస్తున్నాయి. పోలిక కరెక్టుగా రావాలంటే అందరం ఒకే కాంటా మీద ఎక్కాలి. ఈ ఆదివారం మా మిల్లులో మీట్. ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. రాగిజావ నా తరఫున.'

భిక్షపతి ఆ వారం కాశీలో ఉన్నాడు. ఉంటే ఈ కథ లేదు. కాంటా సంగతి కొడుక్కి చెప్పాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. కొడుకు మిల్లుకు వచ్చేదే ఏసీ గదిలో కూర్చుని ఫోటోలు పెట్టడానికి. దొంగతనం వారసత్వంగా ఇచ్చేటప్పుడు, తాళం ఎట్లా తిప్పాలో కూడా చెప్పి పోవాలని ఆ పెద్దమనిషికి తోచలేదు.

కల్పన ఆ మీట్‌కు పోయింది. బరువు చూసుకోవడానికి కాదు. ఎప్పుడూ 'మీ ఆరోగ్యమే నా ఆనందం' అని రాసే అడ్మిన్ అన్నను పట్టుకుని, నాయన వడ్ల గురించి ఒక్క మాట చెప్పించుకుందామని.

మిల్లు నిండా తెల్ల టీషర్టులు. కాంటా దగ్గర పనిచేసే బిచ్చా అనే మనిషి చైతన్య వెనకే తిరుగుతూ గొణుగుతున్నాడు. "సార్, దీనిమీద మనుషులెందుకు సార్? ఇంకో మిషన్ తెస్త గద, ఇంట్లది."

"ఏం, మునుగుతదా? టన్నులు మోసేది నన్ను మొయ్యదా?" అని చైతన్య చెప్పులు విప్పి ఎక్కాడు. ఎర్ర అంకెలు గిర్రున తిరిగి ఎనభై మూడు పాయింట్ ఆరు దగ్గర ఆగాయి. ముప్పై దాటిన బీఎంఐ ఇరవై ఎనిమిదికి దిగింది. చైతన్య పిడికిలి పైకెత్తి అరిచాడు. వాళ్ల అమ్మ రాజేశ్వరి జావ గ్లాసుల పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. కాంటా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, జావ పంచడం మొదలుపెట్టింది.

తర్వాత పళ్ల డాక్టరు ఎక్కాడు. "అబ్బో! నిన్న ఇంట్లో తొంభై ఉన్నానండీ. ఇవాళ ఎనభై అయిదున్నర! వాకింగ్ చేసింది ఊరికే పోతుందా మరి?" ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు, ఒకరి తర్వాత ఒకరు ఎగిరారు. ఎక్కిన ప్రతివాడూ తగ్గాడు. ఒక్కడికైనా అనుమానం వచ్చిందా? రాలేదు. లాభం వస్తున్నప్పుడు లెక్క తిరగేసి చూసే అలవాటు వాళ్లెవరికీ లేదు.

కల్పన ఎక్కితే నలభై ఒకటికి కొంచెం తక్కువ చూపింది.  నెల రోజులుగా బిళ్లలు మింగుతుంటే రెండు కిలోలు ఎట్లా పోయాయి? తగ్గినందుకు అందరూ నవ్వుతుంటే తగ్గినందుకు భయపడ్డది ఆమె ఒక్కతే. గుర్తుపెట్టుకోండి, అందుకే ఆమెకు ఒక్కదానికే తెలిసింది.

అయినా వచ్చిన పని మరిచిపోలేదు. "అన్నా, నేను నడిగూడెం పరశురాములు బిడ్డను" అంది చైతన్యతో.

"ఓ... గా లొల్లి పెట్టిన పరశురాములా?"

"లొల్లి కాదన్నా. ఒడ్లు కళ్లంల ఉన్నయి. మొగులు పట్టింది. మీరొక్కమాట చెప్తే గేటు తీస్తరు."

"మిల్లు సంగతి మా డాడీ చూస్తడమ్మా, నన్ను అండ్లకు గుంజకు. నువ్వు ముందుగాల మంచిగ తిను. పదహారంటే డేంజర్. పొద్దుగాల రెండు ఎగ్స్, పనీరు, బాదం. డైట్ చార్ట్ ఇన్‌బాక్స్ చేస్త, సరేనా?"

నాయన పంట గేటు బయట ఆగిపోయింది. బిడ్డకు బాదం తినమని సలహా వచ్చింది.

సోమవారం కల్పన భయంతో దవాఖానకు పోయి తూయించుకుంది. నర్సు వెంకటనర్సమ్మ చూసి, "నలభై మూడే. పెరగలే, తగ్గలే. ఉన్నకాడ్నే ఉన్నవ్" అంది. కల్పన సెంటర్‌కు వచ్చి గ్రూపు తెరిచింది. ముందటి ఆదివారం అందరూ ఇళ్లలో తూచుకుని రాసిన బరువులు, నిన్న మిల్లులో తూచుకున్న బరువులు పక్కపక్కన పెట్టింది. తొంభైకి ఎనభై అయిదున్నర. ఎనభైకి డెబ్బై ఆరు. అరవైకి యాభై ఏడు. ఎవరిని తీసుకున్నా నూటికి అయిదు. నాయన పోయిన ఏడు గేటు ముందు నిలబడి అరిచిన అంకె అదే.

 ఏడాదిగా ఎవరూ నమ్మని మాటకు ఇంతమంది సాక్షులు, తమంతట తామే, పేర్లతో, ఫోటోలతో. వెంటనే రాసింది:

'అందరికీ ఒకే లెక్కన తగ్గింది. ఇంతమందికి ఒక్కరోజే ఒకే లెక్కన కొవ్వు కరగదు. కాంటా తక్కువ చూపిస్తున్నది. ఇదే కాంటా మీద రైతుల వడ్లు జోకుతరు. మీ ఇంటి మిషన్ మీద మళ్లీ ఎక్కి, ఎంత వచ్చిందో నిజం రాయండి.'

నిజం రాయండట. పిచ్చి పిల్ల.

'కుళ్లా చెల్లే?' అన్నాడు బీమా ఏజెంటు. 'నీకు తగ్గించుకునే పని లేదు కాబట్టి మా కష్టం నీకు తెల్వదు.' పళ్ల డాక్టరు రాశాడు: 'నెగెటివిటీ వద్దండీ ప్లీజ్. ఇంత మంచి కాంటా జిల్లాలోనే లేదు.' ఒక లెక్చరరమ్మ రాసింది: 'రైతులంటే మాకూ గౌరవమే. కానీ ఇది హెల్త్ గ్రూపు.' రాజకీయాలు తేవొద్దన్నారు. ఇంటి మిషన్ చైనాది అన్నారు. ఒక్కరు కూడా ఇంట్లో ఎక్కినట్టు రాయలేదు. ఎక్కలేదని కాదు. అందరూ ఎక్కే ఉంటారు. తలుపేసుకుని ఎక్కి, అంకె చూసి, మిషన్‌ను మంచం కిందికి తోసి ఉంటారు.

కాశీ నుంచి వచ్చిన భిక్షపతి సంగతి తెలిసి బూతులు ఎత్తుకున్నాడు. "దానిమీద మనుషుల్ని ఎక్కిచ్చినవా? నీ మెదడు యాడ పెట్టినవ్‌రా? మెకానిక్‌ను పిలువు. ఇప్పుడే సరి చేయించాలె."

"డాడీ, జర ఆగు. ఆ పిల్ల ఒక్కతే అన్నది. మిగిలినోళ్లంత మనదిక్కే ఉన్నరు. ఇగో విను" అని చైతన్య ఫోన్ తీసి ఒక్కొక్కటే చదివాడు.

భిక్షపతి కుర్చీలో కూర్చున్నాడు. "పళ్ల డాక్టరు ఏమన్నడు? మళ్లొక్కసారి చదువు."

"ఇంత మంచి కాంటా జిల్లాలోనే లేదన్నడు."

భిక్షపతి చాలాసేపు నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక తన కాంటాను ఎవరైనా మెచ్చుకోవడం ఆయన వినలేదు. "మెకానిక్ వద్దు. వచ్చే ఐతారం మళ్ల పిలువు. జావ గీవ కాదు, ఇడ్లీ వడ పెట్టియ్యి. ఆ పిల్లను, వాళ్ల నాయనను గుడ రమ్మను. అందరి ముందట తేలాలె. కాంటా తప్పని వీళ్లల్ల ఒక్కరన్నా అంటె, వాని ఒడ్లు దించుకుంట. అనకపోతే వాడు తప్పయిందనాలె."

కల్పన ఆ కబురు పట్టుకుని ఊరికి పోయింది. "ఒక్కరంటే ఒక్కరు చాలు నాయినా. అంతమంది సదువుకున్నోళ్లు. ఇంట్ల మిషన్లు ఉన్నోళ్లు. రెండిటి మీద ఎక్కినంక అబద్ధం ఎట్ల ఆడుతరు?"

పరశురాములు బీడీ ఆర్పాడు. "సదువుకున్నోడు అంకె సూస్తడా బిడ్డా, మొకం సూస్తడా?"

"మీరు ముందు పోయి రాండ్రి" అంది సోమమ్మ. "మొగులు ఎవ్వని మొకం సూడది."

ఆదివారం కల్పన సెంటర్ ఓనరు దగ్గర అడిగి, ఇళ్లల్లో వాడే చిన్న బరువు మిషన్ సంచిలో పెట్టుకుని వచ్చింది. దాన్ని కాంటా పక్కనే నేల మీద పెట్టింది. టీషర్టులవాళ్లు ఇడ్లీలు తింటూ చుట్టూ నిలబడ్డారు. పరశురాములు తలకు తువ్వాలు చుట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. భిక్షపతి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఒక్కరు రాండ్రి" అంది కల్పన. "ముందు దీనిమీద, తర్వాత దానిమీద. ఒక్క నిమిషం పని."

ఎవరూ ముందుకు రాలేదు. ఒకరిద్దరు సాంబారు పోయించుకోవడానికి తిరిగారు.

"డాక్టర్ సార్, మీరు రండి. పళ్లు చూసేటప్పుడు మీరు అబద్ధం చెప్తరా?"

"ఇప్పుడే టిఫిన్ చేశానమ్మా. తిన్నాక తూచుకోకూడదు" అన్నాడు పళ్ల డాక్టరు. "అయినా ఆ చిన్నది చైనా మిషన్. దాన్ని నమ్ముకుని ఇంత పెద్ద మిల్లును అంటామా?"

"అన్నా, నువ్వు?" అని కల్పన బీమా ఏజెంటు వైపు తిరిగింది.

"నాకు మోకాళ్ల నొప్పి చెల్లే. ఎక్కుడు దిగుడు కాదు."

"పోయిన ఐతారం ఎక్కినవు గద?"

"అప్పుడు నొప్పి లేకుండె."

అందరూ నవ్వారు. కల్పనకు టీ పళ్లెంతో వస్తున్న రాజేశ్వరి కనబడింది. "అమ్మా, మీరన్నా ఎక్కండ్రి" అంది.

"నేనా? దానిమీద నేనెన్నడు ఎక్కలే బిడ్డా" అంది రాజేశ్వరి మామూలుగా. "నాకు షుగరున్నది. బరువు సూసే గోళి రాస్తరు. నా బరువు నాకు సరిగ్గ కావాలె గద. దవాఖాన్ల సూపిచ్చుకుంట."

 భిక్షపతి భార్య వైపు చూసిన చూపుకు ఆమె టీ పళ్లెంతోనే లోపలికి వెళ్లిపోయింది. చెప్పాల్సినదంతా ఆమె చెప్పేసింది. విన్నవాళ్లంతా విన్నారు. విని, ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుకున్నారు.

పరశురాములు ముందుకొచ్చాడు. ఎవరినీ అడగలేదు. చిన్న మిషన్ మీద ఎక్కాడు. యాభై నాలుగు. దిగి కాంటా మీద ఎక్కాడు. యాభై ఒకటి పాయింట్ మూడు. దిగకుండా అక్కడే నిలబడి అడిగాడు. "నేను ఇడికెల్లి ఆడికి ఒక్క అడుగేసిన. గా అడుగుల నా పానం ఎంత పాయె? సూసిన్రు గద? సెప్పుండ్రి."

బిచ్చా తల వంచుకున్నాడు. సేటు పెట్టే తిండి తినేవాడు, వాడిని నేను తప్పుపట్టను. టీషర్టులవాళ్లను ఏమనాలి? వాళ్లకు భిక్షపతి తిండి పెట్టడు. ఆయనకు వాళ్లేమీ బాకీ లేరు, ఆయనకు వాళ్లు భయపడాల్సిన పనీ లేదు. ఒక్క మాట అంటే ఒక రైతు పంట గేటు దాటుతుంది. దానికి వాళ్లకయ్యే నష్టం ఏమిటి? ఒకటిన్నర బీఎంఐ.

"చేతులెత్తుండ్రి" అన్నాడు భిక్షపతి. "మా కాంటా కరెక్ట్ అనేటోళ్లు."

చేతులు లేచాయి. పళ్ల డాక్టరు, బీమా ఏజెంటు, రైతులంటే గౌరవమున్న లెక్చరరమ్మ. చైతన్య అందరికంటే చివర ఎత్తాడు. ఎత్తేటప్పుడు కల్పన వైపు చూడలేదు. లేవని చేతులు ఇద్దరు మనుషులవే, తండ్రివి, బిడ్డవి.

"ఏమయ్యా పరశురాములూ" అన్నాడు భిక్షపతి. "పోయినేడు నన్ను దొంగంటివి. గింతమంది సదువుకున్నోళ్లు తేల్చిన్రు. ఇగ అను."

పరశురాములు తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "వీళ్లు మా ఊళ్ల గొర్లకంటె మంచిగున్నరు సేటూ. గొర్రెను బొంద దిక్కు తోలాలంటే కట్టెన్నా పట్టుకోవాలె" అన్నాడు. బిడ్డ చెయ్యి పట్టుకుని గేటు దాటాడు. ఆ పిల్ల మిషన్ అక్కడే మరిచిపోయింది. తర్వాత దాని ధర జీతంలో కోశారు.

బస్సు నడిగూడెం చేరేలోపే వాన మొదలైంది. ఎడతెరిపి లేకుండా పడ్డది. గాలికి పట్టాలు లేచిపోయాయి. పరశురాములు, సోమమ్మ పట్టాల అంచుల మీద పడుకున్నారు. అయినా నీళ్లు కుప్ప కిందనుంచి వచ్చాయి. వాన వెలిసి పట్టా ఎత్తితే వడ్లు వెచ్చగా ఆవిరి కక్కాయి. అడుగున తెల్లగా మొలకలు.

మొలకలొచ్చిన వడ్లు ఆగవు. రైతు పౌరుషం ఆగితే ఆగుతుంది, అవి మాత్రం ఆగవు. పరశురాములు ఎండబెట్టుకోగలిగినన్ని ఎండబెట్టి ట్రాక్టర్‌లో పోసుకుని మిర్యాలగూడ పోయాడు. గేటు తెరిచే ఉంది. భిక్షపతి కాంటా పక్కనే ఉన్నాడు. పరశురాములు ఎవరూ అడగకముందే అనేశాడు. "తప్పయింది. కాంటా మంచిదే."

"గట్టిగ" అన్నాడు భిక్షపతి.

గట్టిగా అన్నాడు. లోపల ఏసీ గదిలో ఉన్న చైతన్యకు కూడా వినబడేటంత గట్టిగా అన్నాడు. బస్తాలు కాంటా మీదికి ఎక్కాయి. ఎర్ర అంకెలు తిరిగాయి. "సూసుకోవయ్యా, మళ్ల అనేవు" అన్నాడు భిక్షపతి. పరశురాములు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. చూడలేదు. కాంటా తినేది తిన్నాక తడికి తరుగు, మొలకకు తరుగు, మట్టికి తరుగు తీశారు. మిగిలింది కోత మిషన్ కిరాయికి, ఎరువుల దుకాణానికి సరిపోలేదు. ఇంకో నెలకు మందలో సగం గొర్రెలను తుంగతుర్తి దిక్కు బేరగాళ్లు తోలుకపోయారు.

గ్రూపులోంచి కల్పనను తీసేశారు. ఆ ఏడు పోటీలో చైతన్యే గెలిచాడు. గెలుపు ఫోటో మిల్లులోనే తీశారు. కాంటా మీద చైతన్య, చుట్టూ టీషర్టులు, కింద 'సత్యమే గెలుస్తుంది' అని రాత. దాన్ని పెద్దగా ప్రింటు తీయించడానికి బీమా ఏజెంటు కల్పన పనిచేసే సెంటర్‌కే వచ్చాడు. ఆ పిల్లే ప్రింటు తీసి, చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఇచ్చింది. "కోపం లేదు గద చెల్లే?" అన్నాడు. పోతూ పోతూ, "నీకేం, ఇంకా సన్నమైనవ్" అన్నాడు. ఆ ఫోటో ఇప్పుడు మిల్లు ఆఫీసులో, రైతులు నిలబడే చోట, వాళ్ల కళ్లకు ఎదురుగా ఉంది. ఎవడైనా కాంటా గురించి నోరు తెరిస్తే భిక్షపతి దానివైపు వేలు చూపిస్తాడు.

ఇంటికి పంపాల్సింది పెరిగింది. టీతోపాటు తినే బిస్కెట్లు రెండు కాస్తా ఒకటయ్యాయి. సంక్రాంతి దాటాక బిళ్లల కోసం కల్పన దవాఖానకు పోయింది. వెంకటనర్సమ్మ మిషన్ ముల్లు వైపు వంగి చూసింది. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూసింది. నలభై ఒకటికి కొంచెం తక్కువ. మిల్లు కాంటా ఆ ఆదివారం చూపిన అంకె.

"ఏం పిల్లా, పెరగమంటె తగ్గొస్తివి? నువ్వు గుడ డైటింగ్ మొదలువెట్టినవా?"

"లేదక్కా" అంది కల్పన, చెప్పులేసుకుంటూ. "తరుగు తీసిన్రు."